లాప్‌టాప్‌లో నడిచే యాప్ క్లౌడ్‌లో డేటాబేస్‌ని పట్టుకోవట్లేదు (2003 ఎర్రర్), సోమవారం లోపు తేలాలి

మిర్చికొట్టు_కుర్రాడు
శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. గుంటూరులో మా మావయ్యకి మిర్చి కమీషన్ కొట్టు ఉంది. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి, ఏ కోల్డ్ స్టోరేజీలో ఎన్ని ఉన్నాయి, తేజ రకం ఎంత, 341 రకం ఎంత, అంతా ఇప్పటిదాకా పుస్తకాల్లోనే. దాన్ని ఫ్లాస్క్‌లో చిన్న యాప్‌గా చేశాను. వెనక మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, రెంటినీ కలపడానికి మధ్యలో ఎస్‌క్యూఎల్ఆల్కెమీ, పైమైఎస్‌క్యూఎల్ లైబ్రరీలు. లాప్‌టాప్‌లో నెల రోజుల నుంచి నిక్షేపంగా నడుస్తోంది.

ఇవాళ క్లౌడ్‌లో పెట్టాను. పేజీ తెరుచుకుంటుంది, లాగిన్ నొక్కగానే 500 ఎర్రర్. లాగ్‌లో ఇలా ఉంది: "2003, కాంట్ కనెక్ట్ టు మైఎస్‌క్యూఎల్ సర్వర్ ఆన్ లోకల్‌హోస్ట్, ఎర్రర్ నంబర్ 111, కనెక్షన్ రిఫ్యూజ్డ్". డేటాబేస్ కూడా అదే కంపెనీ దగ్గర విడిగా తీసుకున్నా. డాష్‌బోర్డులో దాని పక్కన పచ్చ చుక్క వెలుగుతూనే ఉంది. మరి రిఫ్యూజ్ చేసేదెవరు? సోమవారం పొద్దున యార్డు తెరిచేలోపు నడవకపోతే మావయ్య మళ్లీ పుస్తకం తీస్తాడు.

బెజవాడ_బ్యాకెండ్
శనివారం రాత్రి 9:52

ఎర్రర్‌లోనే ఉందండీ జవాబు. యాప్ ఎవర్ని వెతుక్కుంటూ వెళ్లిందో చూడండి: లోకల్‌హోస్ట్. మీ లాప్‌టాప్‌లో యాప్, డేటాబేస్ రెండూ ఒకే ఇంట్లో కాపురం, అందుకే ఆ పేరు సరిపోయింది. క్లౌడ్‌లో మీ యాప్ ఒక కంటైనర్‌లో, అంటే దానికంటూ విడిగా ఇచ్చిన గదిలాంటి చోట ఉంటుంది. అక్కడ లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే. పాపం అది తన తలుపు తనే కొట్టుకుని, లోపల ఎవరూ పలకట్లేదని చెబుతోంది. 111కి అర్థం అదే: మెషీన్ దాకా చేరాం, ఆ పోర్టు దగ్గర వినేవాళ్లు లేరు.

కోడ్‌లో అడ్రస్ నేరుగా రాసి ఉంటారు. అది తీసేసి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (కోడ్ బయట పెట్టే సెట్టింగ్) నుంచి చదివించండి. విలువని హోస్టింగ్ డాష్‌బోర్డులో పెట్టండి. లాప్‌టాప్‌లో ఆ సెట్టింగులుండే డాట్ ఎన్వ్ ఫైల్ ఉంది కదా అనుకోకండి, అది గిట్ఇగ్నోర్‌లో (పైకి పంపకూడని ఫైళ్ల జాబితాలో) ఉంటుంది కాబట్టి సర్వర్‌కి చేరదు. చేరకూడదు కూడా.

పీహెచ్‌పీ_పాపయ్య
శనివారం రాత్రి 10:05

ఇదే తప్పు మా పీహెచ్‌పీ లారవెల్‌లో చేస్తే 2002 వస్తుంది, "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని. డేటాబేస్‌కి కనెక్ట్ అవ్వమంటే ఫైల్ లేదంటాడేంటని వారం జుట్టు పీక్కున్నా. సంగతేంటంటే, పీహెచ్‌పీ "లోకల్‌హోస్ట్" అన్న మాట చూస్తే నెట్‌వర్క్ జోలికే పోదు, అదే మెషీన్ లోపల మాట్లాడుకునే యూనిక్స్ సాకెట్ ఫైల్ కోసం వెతుకుతుంది. 127.0.0.1 అని అంకెల్లో రాస్తేనే టీసీపీలో, అంటే నెట్‌వర్క్ దారిలో వెళ్తుంది. పైమైఎస్‌క్యూఎల్‌కి ఈ పిచ్చి లేదు, అందుకే తమ్ముడికి 2003 వచ్చింది.

పన్లో పని, నాదో ప్రశ్న. డాష్‌బోర్డులో కొత్త పాస్‌వర్డ్ పెట్టినా మా లారవెల్ పాతదే పట్టుకుని వేలాడుతోంది. ఎందుకు?

బెజవాడ_బ్యాకెండ్
శనివారం రాత్రి 10:09

కాన్ఫిగ్ క్యాష్ చేసి ఉంటారు. ఆర్టిజాన్‌తో కాన్ఫిగ్ క్లియర్ కొట్టి, మళ్లీ క్యాష్ చేయండి. క్యాష్ అయ్యాక లారవెల్ డాట్ ఎన్వ్ వైపు చూడనే చూడదు.

నిర్వాహకుడు
శనివారం రాత్రి 10:11

పాపయ్య గారూ, లారవెల్‌కి వేరే చర్చ తెరవండి. ఇక్కడ మిర్చి మాత్రమే.

మిర్చికొట్టు_కుర్రాడు
శనివారం రాత్రి 10:38

అయిపోయింది! నడుస్తోంది! లాగిన్ అయ్యాను, ఇద్దరు రైతుల్ని ఎక్కించాను, లిస్టులో కనిపిస్తున్నారు. బెజవాడ మేడమ్, మీకు కిలో తేజ బాకీ. ఈ రాత్రికే పుస్తకం మొత్తం ఎక్కించేస్తా.

మిర్చికొట్టు_కుర్రాడు
ఆదివారం పొద్దున 7:15

అన్నా, అక్కా, ఎవరున్నా కాస్త చూడండి. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని 38 మంది రైతులు, 412 టిక్కీలు ఎక్కించాను. మావయ్య చదువుతుంటే నేను కొట్టాను. పొద్దున లేచి సేవ్ బటన్ రంగు మార్చి మళ్లీ డిప్లాయ్ చేశా (సర్వర్‌కి ఎక్కించా). ఒక్క పేరు లేదు. టేబుళ్లు ఉన్నాయి, ఖాళీగా. ఎర్రర్ కూడా లేదు. మావయ్యకి ఇంకా చెప్పలేదు.

పాత_డీబీఏ
ఆదివారం పొద్దున 7:31

ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, మైఎస్‌క్యూఎల్ చేతిలోంచి డేటా అలా రాలిపోదు. నీ 412 టిక్కీలు అసలు మైఎస్‌క్యూఎల్‌లోకి వెళ్లి ఉండవు. అడ్రస్ చదివే లైన్ ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టు. డాష్‌బోర్డులో వేరియబుల్ పేరు కూడా అక్షరం పొల్లుపోకుండా చెప్పు. విలువ పెట్టకు, పేరు చాలు.

మిర్చికొట్టు_కుర్రాడు
ఆదివారం పొద్దున 7:36

లైన్‌లో ఎన్విరాన్ డాట్ గెట్ అని ఉంది సార్. దానికి రెండు విలువలు ఇచ్చాను: మొదటిది డేటాబేస్_యూఆర్ఎల్ అనే పేరు, రెండోది ఎస్‌క్యూఎలైట్ (ఒకే ఫైల్‌లో ఉండే చిన్న డేటాబేస్) అడ్రస్, టెస్ట్ డాట్ డీబీ ఫైల్‌కి. ఏదో పాఠంలో చూసి రాసుకున్నా. డాష్‌బోర్డులో పెట్టిన పేరు డీబీ_యూఆర్ఎల్.

...ఓహ్.

పాత_డీబీఏ
ఆదివారం పొద్దున 7:40

దొరికాడు దొంగ. డేటాబేస్_యూఆర్ఎల్ అనేది సర్వర్‌లో లేదు. లేకపోతే రెండోది తీసుకోమని నువ్వే చెప్పావు. అది బుద్ధిగా ఎస్‌క్యూఎలైట్ ఫైల్ ఒకటి కంటైనర్‌లో సృష్టించుకుంది. యాప్ లేచేటప్పుడు టేబుళ్లు కట్టే లైన్ కూడా ఉండి ఉంటుంది, కాబట్టి అంతా సవ్యంగా కనిపించింది. బటన్ రంగు మార్చి డిప్లాయ్ చేయగానే పాత కంటైనర్‌తో పాటు ఆ ఫైల్ కూడా పోయింది. ఈ హోస్టింగుల్లో విడిగా డిస్క్ తగిలించుకుంటే తప్ప కంటైనర్‌లో రాసింది ఏదీ మిగలదు.

ఆ డిఫాల్ట్ విలువ తీసెయ్. గెట్ వాడకు, చదరపు బ్రాకెట్లతో నేరుగా అడుగు. వేరియబుల్ లేకపోతే యాప్ లేవదు. లేవకూడదు.

ఓరుగల్లు_జావా
ఆదివారం పొద్దున 8:02

సార్ చెప్పింది నూటికి నూరు నిజం. నేను గూడ మా స్ప్రింగ్ (జావా) ప్రాజెక్టుల గట్లనే హెచ్2 అనే మెమరీ డేటాబేస్ డిఫాల్ట్ పెట్టిన. నెల దాక టెస్టింగ్ సర్వర్ల అందరం ఉత్త మెమరీ మీద పరీక్షలు చేసినం, ఎవ్వరికీ తెల్వలే. యాప్ లేవకుంటే పది నిమిషాల్ల తెలుస్తది. తప్పు డేటాబేస్ మీద లేస్తే ఎన్నడు తెలుస్తదో దేవునికెరుక. 412 టిక్కీలతోనే పోయింది, అదృష్టం అనుకో తమ్మీ.

మిర్చికొట్టు_కుర్రాడు
ఆదివారం పొద్దున 8:44

పేరు సరిచేశాను, డిఫాల్ట్ తీసేశాను. మళ్లీ 2003, కానీ ఈసారి వింతగా ఉంది. "కాంట్ కనెక్ట్ టు మైఎస్‌క్యూఎల్ సర్వర్ ఆన్ [నిర్వాహకుడు తొలగించారు]", ఆ తర్వాత "నేమ్ ఆర్ సర్వీస్ నాట్ నోన్". నేను ఇచ్చిన హోస్ట్ పేరు ఇది కాదు. ముందు ఏవో అంకెలు వచ్చి చేరాయి.

నిర్వాహకుడు
ఆదివారం పొద్దున 8:46

ఆ అంకెలు మీ పాస్‌వర్డ్‌లో సగం. తీసేశాను. ఇప్పుడే పాస్‌వర్డ్ మార్చండి, తర్వాత మిగతా మాట.

బెజవాడ_బ్యాకెండ్
ఆదివారం పొద్దున 8:58

పాస్‌వర్డ్‌లో ఎట్ గుర్తు ఉంది కదా? యూఆర్ఎల్‌లో యూజర్, పాస్‌వర్డ్ ఒకవైపు, హోస్ట్ ఇంకోవైపు. మధ్య గోడ ఆ ఎట్ గుర్తే. మీ పాస్‌వర్డ్‌లోనే ఒకటి ఉండేసరికి ఎస్‌క్యూఎల్ఆల్కెమీ అక్కడే గోడ అనుకుంది. పాస్‌వర్డ్‌లో మిగిలిన ముక్క హోస్ట్ పేరుకి అతుక్కుంది. అలాంటి పేరు డీఎన్ఎస్‌లో, అంటే నెట్ పేర్ల చిట్టాలో ఎక్కడుంటుంది?

ఎట్ గుర్తుని శాతం గుర్తు 40గా, హ్యాష్‌ని శాతం 23గా, స్లాష్‌ని శాతం 2ఎఫ్‌గా మార్చి రాయొచ్చు. నేనైతే యూఆర్ఎల్ మానేస్తాను. యూజర్, పాస్‌వర్డ్, హోస్ట్, పోర్టు, డేటాబేస్ పేరు ఐదూ విడివిడి వేరియబుళ్లుగా పెట్టుకుని, ఎస్‌క్యూఎల్ఆల్కెమీలో యూఆర్ఎల్ డాట్ క్రియేట్‌కి ఇచ్చేస్తాను. 1.4 వెర్షన్ నుంచీ ఉంది. గుర్తుల గొడవ అదే చూసుకుంటుంది.

మిర్చికొట్టు_కుర్రాడు
ఆదివారం పొద్దున 9:50

పాస్‌వర్డ్ మార్చాను, ఐదు వేరియబుళ్లూ పెట్టాను. ఇప్పుడు హోస్ట్ పేరు సరిగ్గానే చూపిస్తోంది. కానీ పది సెకన్లు ఆలోచించి "టైమ్డ్ అవుట్" అంటోంది. అదే 2003. ఇదెక్కడి శని?

కడప_ఓబులేసు
ఆదివారం పొద్దున 10:03

ఏందబ్బా ఇంత రచ్చ. ఫైర్‌వాల్ అడ్డం వస్తాండాది, అంతే. డేటాబేస్ ఫైర్‌వాల్‌లోకి పోయి మైఎస్‌క్యూఎల్ 3306 పోర్టుకి 0.0.0.0/0 పెట్టు, దెబ్బకు కనెక్ట్ అయితాది. నేను రెండేండ్లుగా అట్లే నడుపుతాండా.

పాత_డీబీఏ
ఆదివారం పొద్దున 10:07

రోగం కరెక్ట్ ఓబులేసూ, మందే విషం. 0.0.0.0/0 అంటే ప్రపంచంలో ఎవడైనా రావచ్చని. 3306 తెరిచి ఉందేమోనని రాత్రింబగళ్లు వెతికే బాట్‌లు ఉన్నాయి. తలుపు తీసిన కాసేపటికే లాగ్‌లో రూట్, అడ్మిన్ పేర్లతో ప్రయత్నాలు కనిపిస్తాయి. నీ సర్వర్ లాగ్ ఎప్పుడన్నా తెరిచి చూశావా?

కడప_ఓబులేసు
ఆదివారం పొద్దున 10:15

చూల్లేదు సార్. ఇప్పుడు చూస్తా.

కడప_ఓబులేసు
ఆదివారం పొద్దున 10:34

సార్... నేను ఇంతకు ముందు చెప్పింది ఎవురూ చెయ్యాకండి. లాగ్ నిండా రూట్, రూట్, రూట్. మూసేసి వస్తా.

డల్లాస్_రాత్రి
ఆదివారం పొద్దున 10:41

ఇక్కడ అర్ధరాత్రి, నిద్ర పట్టక చదువుతున్నా. కుర్రాడూ, రెండు 2003లకీ తేడా గమనించు. రిఫ్యూజ్డ్ వెంటనే వస్తుంది, ఎందుకంటే అవతలి మెషీన్ వద్దని చెప్పింది. టైమ్డ్ అవుట్ అంటే ఎవరూ ఏమీ చెప్పలేదు. ఫైర్‌వాల్ నీ ప్యాకెట్లని చప్పుడు లేకుండా పారేసింది, లేదా దారే లేదు. ఆ పది సెకన్లు పైమైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్‌గా ఆగే సమయం, అంతకు మించి విశేషం లేదు.

దారి సంగతి ముందు తేల్చుకో. నువ్వు వాడుతున్న హోస్ట్ పేరు ఇంటర్నలా, బయటిదా? యాప్ ఏ రీజియన్‌లో (సర్వర్లుండే ప్రాంతంలో) ఉంది, డేటాబేస్ ఏ రీజియన్‌లో ఉంది?

మిర్చికొట్టు_కుర్రాడు
ఆదివారం పొద్దున 10:55

ఇంటర్నల్‌దే అన్నా, అది ఫాస్ట్ అని రాసుంటే తీసుకున్నా. డేటాబేస్ ముంబై. యాప్... సింగపూర్‌లో ఉంది! నేను ఎంచుకోలేదు, అక్కడ ముందే టిక్ పెట్టి ఉంది.

డల్లాస్_రాత్రి
ఆదివారం పొద్దున 11:02

అదీ సంగతి. ఇంటర్నల్ అడ్రస్ మామూలుగా ఒకే రీజియన్ లోపలి ప్రైవేట్ నెట్‌వర్క్‌లోనే పలుకుతుంది. బయటి అడ్రస్‌తో సింగపూర్ నుంచి ముంబైకి కలపొచ్చు, కానీ అలా చేయకు. ప్రతి క్వెరీకీ సముద్రం దాటి రావాలి. నేను ఒకసారి యాప్‌ని అమెరికా తూర్పు తీరంలో, డేటాబేస్‌ని ముంబైలో పెట్టాను. ఒక్కో రాకపోకకీ దాదాపు 200 మిల్లీసెకన్లు. ఒక పేజీకి 40 క్వెరీలు. లెక్క నువ్వే వేసుకో, 8 సెకన్లు.

యాప్‌ని ముంబైకి మార్చు. ఆ తర్వాత ఫైర్‌వాల్‌లో మనుషుల ఐపీలు కాకుండా యాప్ ఉండే సెక్యూరిటీ గ్రూప్‌కి (ఒకే అనుమతులున్న సర్వర్ల గుంపుకి) మాత్రమే 3306 అనుమతి ఇవ్వు. యాప్ ఐపీ రేపు మారినా ఆ నియమం చెదరదు.

ఓరుగల్లు_జావా
ఆదివారం పొద్దున 11:10

ముంబై ఎందుకు భయ్, అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కి మన హైదరాబాద్‌లనే రీజియన్ ఉన్నది గద, 2022 నవంబర్ నుంచి.

డల్లాస్_రాత్రి
ఆదివారం పొద్దున 11:14

ఉంది. కానీ ఇతని డేటాబేస్ ముంబైలో ఉంది, ఇతనికి టైమ్ సోమవారం దాకానే ఉంది. యాప్ తరలించడం ఐదు నిమిషాల పని, డేటాబేస్ తరలించడం అలా కాదు.

మిర్చికొట్టు_కుర్రాడు
ఆదివారం మధ్యాహ్నం 12:20

ముంబైకి మార్చాను, గ్రూప్ నియమం పెట్టాను. 2003 పోయింది!! ఇప్పుడు 1045 వచ్చింది. "యాక్సెస్ డినైడ్ ఫర్ యూజర్", తర్వాత నా యూజర్ పేరు, ఎట్ 10.0.3.17, "యూజింగ్ పాస్‌వర్డ్: ఎస్".

బెజవాడ_బ్యాకెండ్
ఆదివారం మధ్యాహ్నం 12:24

శుభం! ఇది మంచి వార్తండీ. తిట్టేది ఇప్పుడు సాక్షాత్తూ మైఎస్‌క్యూఎల్. దారి, తలుపు, పోర్టు అన్నీ సరే. తాళంచెవి ఒక్కటే మిగిలింది.

పాత_డీబీఏ
ఆదివారం మధ్యాహ్నం 12:30

మైఎస్‌క్యూఎల్‌లో యూజర్ అంటే పేరొక్కటే కాదు, పేరూ ఎక్కడి నుంచి వచ్చాడన్నదీ కలిపి. లోకల్‌హోస్ట్ నుంచి వచ్చే మిర్చి వేరు, 10.0.3.17 నుంచి వచ్చే మిర్చి వేరు. నువ్వు యూజర్‌ని లోకల్‌హోస్ట్‌కి కట్టేసి సృష్టించి ఉంటావు. పందెం.

మిర్చికొట్టు_కుర్రాడు
ఆదివారం మధ్యాహ్నం 12:41

లేదు సార్, చూశాను. హోస్ట్ దగ్గర శాతం గుర్తు ఉంది, అంటే ఎక్కడి నుంచైనా అనే కదా. లాప్‌టాప్ ఐపీకి కాసేపు అనుమతి ఇచ్చి అదే పాస్‌వర్డ్‌తో వర్క్‌బెంచ్‌లో (డేటాబేస్‌ని నేరుగా తెరిచి చూసే ప్రోగ్రామ్‌లో) ప్రయత్నిస్తే లోపలికి వెళ్లింది. యాప్ నుంచే వెళ్లట్లేదు.

బెజవాడ_బ్యాకెండ్
ఆదివారం మధ్యాహ్నం 12:46

యాప్ లేచేటప్పుడు పాస్‌వర్డ్ పొడవు లాగ్‌లో ప్రింట్ చేయండి. పాస్‌వర్డ్ కాదు, పొడవు మాత్రమే.

మిర్చికొట్టు_కుర్రాడు
ఆదివారం మధ్యాహ్నం 12:53

18 అంటోంది. నేను పెట్టింది 16 అక్షరాలే!

బెజవాడ_బ్యాకెండ్
ఆదివారం మధ్యాహ్నం 12:55

డాట్ ఎన్వ్ ఫైల్ నుంచి కాపీ చేసేటప్పుడు కొటేషన్ గుర్తులతో సహా డాష్‌బోర్డులో అతికించారు. ఫైల్ చదివే లైబ్రరీ వాటిని ఊడదీస్తుంది, డాష్‌బోర్డు ఊడదీయదు. కంటైనర్లు నడిపే డాకర్‌కి ఎన్వ్ ఫైల్ ఇచ్చి రన్ చేసినా ఇదే కథ. పొడవు రెండు కాకుండా ఒకటి ఎక్కువ వస్తే చివర్లో ఖాళీయో, కొత్త లైనో చిక్కుకుందన్నమాట.

పాత_డీబీఏ
ఆదివారం మధ్యాహ్నం 12:58

పందెం ఓడాను. కిలో తేజ ఆవిడకే పంపు.

మిర్చికొట్టు_కుర్రాడు
ఆదివారం మధ్యాహ్నం 1:30

వెళ్లింది!! ఈసారి వర్క్‌బెంచ్‌లో కూడా చూసుకున్నా, వరస మైఎస్‌క్యూఎల్‌లోనే పడింది. డిప్లాయ్ రెండుసార్లు చేసినా ఉంది. కానీ పేర్లు చూడండి. లాప్‌టాప్ నుంచి ఎగుమతి చేసి తెచ్చిన రైతుల లిస్టు అంతా ప్రశ్నార్థకాలే: "?????? ?????". ఊళ్ల పేర్లూ అంతే. కొత్త రైతుని తెలుగులో ఎక్కిస్తే యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్, "లాటిన్-1 కోడెక్" అని ఏదో. మావయ్య చూసి "వీళ్లందరూ ఎవర్రా, అందరిదీ ఒకే ఇంటిపేరా?" అన్నాడు.

పాత_డీబీఏ
ఆదివారం మధ్యాహ్నం 1:38

హహ్హ. కంగారు పడకు, డేటా ఉందో పోయిందో ముందు తేల్చుకుందాం. వర్క్‌బెంచ్‌లో పేరు కాలమ్‌ని హెక్స్ ఫంక్షన్‌లో పెట్టి, లోపలి బైట్లు చూడు. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో 3 బైట్లు, మొదలయ్యేది ఎప్పుడూ ఈ0 బీ0 తోనో, ఈ0 బీ1 తోనో. అవి కనిపిస్తే పేరు క్షేమం. వరసగా 3ఎఫ్, 3ఎఫ్ కనిపిస్తే నిజంగానే ప్రశ్నార్థకాలు నిల్వ అయ్యాయి, మళ్లీ ఎగుమతి చేసుకోవాలి.

మిర్చికొట్టు_కుర్రాడు
ఆదివారం మధ్యాహ్నం 1:44

ఈ0 బీ0, ఈ0 బీ1! ఉన్నాయి సార్, అన్నీ ఉన్నాయి.

పాత_డీబీఏ
ఆదివారం మధ్యాహ్నం 1:47

అయితే తప్పు కనెక్షన్‌ది. టేబుల్ తెలుగు మాట్లాడుతోంది, యాప్ మాత్రం లాటిన్-1లో ఇవ్వమని అడుగుతోంది. లాటిన్-1లో తెలుగుకి చోటు లేదు కాబట్టి సర్వర్ అక్షరానికో ప్రశ్నార్థకం పెట్టి పంపింది. రాయబోతే పైమైఎస్‌క్యూఎలే మొండికేసింది. దాని సొంత డిఫాల్ట్ యూటీఎఫ్8ఎంబీ4. నువ్వే ఎక్కడో క్యారెక్టర్ సెట్ మార్చి ఉంటావు.

మిర్చికొట్టు_కుర్రాడు
ఆదివారం మధ్యాహ్నం 1:52

అవును సార్, యూఆర్ఎల్ డాట్ క్రియేట్‌కి ఉదాహరణ వెతికి కాపీ చేశా. అందులో క్యారెక్టర్ సెట్ లాటిన్1 అని ఉంది. ఏదో స్టైల్ అనుకున్నా. యూటీఎఫ్8 అని మారిస్తే చాలా?

పాత_డీబీఏ
ఆదివారం మధ్యాహ్నం 1:56

తెలుగుకి చాలు, మిరపకాయకి చాలదు. మైఎస్‌క్యూఎల్‌లో వట్టి యూటీఎఫ్8 అంటే ఒక అక్షరానికి 3 బైట్ల వరకే. రైతు పేర్లు అందులో హాయిగా పడతాయి. మీ మావయ్య ఏదో రోజు రిమార్కుల్లో మిరపకాయ ఎమోజీ కొడతాడు, దానికి 4 బైట్లు కావాలి. యూటీఎఫ్8ఎంబీ4 పెట్టు.

మిర్చికొట్టు_కుర్రాడు
ఆదివారం మధ్యాహ్నం 2:20

పేర్లన్నీ వచ్చేశాయి. ఒత్తులతో సహా. రాత్రికి మావయ్య మళ్లీ పుస్తకం చదువుతానన్నాడు.

మిర్చికొట్టు_కుర్రాడు
రెండు వారాల తర్వాత, మంగళవారం పొద్దున 8:10

మళ్లీ నేనే. రోజూ పొద్దున కొట్టు తెరిచాక మొదటి క్లిక్‌కి 500. "మైఎస్‌క్యూఎల్ సర్వర్ హ్యాజ్ గాన్ అవే" అని లాగ్‌లో. రిఫ్రెష్ కొడితే బాగుంటుంది. నిన్న రద్దీగా ఉంటే యాప్‌ని రెండు ఇన్‌స్టాన్సులు (రెండు కాపీలు) చేశా, మధ్యాహ్నం "టూ మెనీ కనెక్షన్స్" వచ్చింది. ఈ రెండూ ఒకటేనా?

డల్లాస్_రాత్రి
మంగళవారం పొద్దున 8:25

వేర్వేరు. పొద్దున్నది ఇది: మైఎస్‌క్యూఎల్ ఖాళీగా కూర్చున్న కనెక్షన్‌ని 28800 సెకన్లు, అంటే 8 గంటలు చూసి తెంపేస్తుంది. మీ కొట్టు రాత్రి మూస్తే పొద్దున దాకా ఎవరూ ముట్టుకోరు. పూల్‌లో (యాప్ తెరిచి దాచుకునే కనెక్షన్ల గుంపులో) ఉన్నది చచ్చిన కనెక్షన్ అని యాప్‌కి తెలియక దాన్నే మొదటివాడి చేతిలో పెడుతుంది. ఎస్‌క్యూఎల్ఆల్కెమీలో పూల్ ప్రీ పింగ్ ట్రూ చెయ్. ఇచ్చేముందు ఒకసారి పలకరించి చూస్తుంది.

రెండోది లెక్క. యాప్‌ని నడిపే గునికార్న్‌లో వర్కర్లు (విడివిడిగా నడిచే ప్రాసెస్‌లు) ఎన్ని? డేటాబేస్‌లో మ్యాక్స్ కనెక్షన్స్ ఎంత?

మిర్చికొట్టు_కుర్రాడు
మంగళవారం పొద్దున 8:33

ఒక్కో ఇన్‌స్టాన్సుకి 4 వర్కర్లు, ఒక్కో వర్కర్‌లో 16 థ్రెడ్లు. మ్యాక్స్ కనెక్షన్స్ 60 అని చూపిస్తోంది. 151 ఉంటుందని చదివానే?

డల్లాస్_రాత్రి
మంగళవారం పొద్దున 8:40

151 మైఎస్‌క్యూఎల్ మామూలు డిఫాల్ట్. క్లౌడ్‌లో చిన్న సైజు తీసుకుంటే మెమరీని బట్టి తగ్గిస్తారు. నీ పూల్ డిఫాల్ట్‌గా 5 కనెక్షన్లు, రద్దీలో ఇంకో 10 అదనం. ఒక్కో వర్కర్‌కి ఒక్కో పూల్. అంటే 15, ఇంటూ 4 వర్కర్లు, ఇంటూ 2 ఇన్‌స్టాన్సులు, మొత్తం 120. ఉన్న కుర్చీలు 60. థ్రెడ్లు 4కి తగ్గించు. పూల్ 3, అదనం 2 పెట్టుకో, 40 దాటదు. వర్క్‌బెంచ్‌కీ కాస్త చోటు మిగులుతుంది.

మిర్చికొట్టు_కుర్రాడు
శుక్రవారం సాయంత్రం 6:05

మూడు రోజులుగా ఒక్క ఎర్రర్ లేదు. మావయ్య పుస్తకం ఇంకా రాస్తూనే ఉన్నాడు, కాకపోతే ఇప్పుడు యాప్ చూసి రాస్తున్నాడు. మేడమ్, అడ్రస్ విడిగా మెసేజ్ చేయండి, తేజ పంపిస్తా.

నిర్వాహకుడు
శుక్రవారం సాయంత్రం 6:20

పరిష్కారమైంది అని గుర్తు పెట్టాను.

కొత్త_సభ్యుడు_77
ఆదివారం రాత్రి 11:48

హలో, నాకూ సేమ్ 1045 ఎర్రర్. సెట్టింగ్స్ పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ పెట్టాను, ఎవరైనా చూడగలరు.

పాత_డీబీఏ
ఆదివారం రాత్రి 11:50

చూశాం నాయనా, నీ పాస్‌వర్డ్‌తో సహా. ముందు అది తీసెయ్.